కొలవలేదు

ఆ బడి పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు గోడమ్మ. ఏడాదికోసారి వచ్చి ఎత్తులూ బరువులూ చూసే నర్సు ఆవిడ. గదిలో అడుగుపెట్టగానే ఆవిడ నోట్లోంచి ఊడిపడే మొదటి మాట "గోడకి ఆనుకో" కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసినందుకే పిల్లల్ని ఇంకాస్త గట్టిగా గోడకి ఆనించేది.

కోపం ఆవిడకి ముక్కు మీదే ఉంటుందని అందరూ అనేవారు. నన్నడిగితే అది దిగి ఎక్కడికైనా వెళ్ళడం ఎవరూ చూడలేదు. పెద్దాసుపత్రి పిల్లల వార్డులో పదకొండేళ్ళు పనిచేసింది. ఒకరోజు ఓ పెద్ద డాక్టరు మందు మోతాదు తప్పు రాస్తే తల్లిదండ్రుల ముందే ఆయన్ని కడిగిపారేసింది. తప్పు ఆయనదే. అయితే తప్పు చేసినవాణ్ణి క్షమించినంత తేలిగ్గా, తప్పు పట్టినవాళ్ళని ఎవరూ క్షమించరు. నెల తిరక్కుండా ఆవిడని బళ్ళ డ్యూటీకి తోసేశారు. తొమ్మిది బళ్ళకి ఒకే నర్సు. ఒక్కో బడిలో వారం రోజులు, ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా ఉన్న ప్రతి పిల్లనీ చూడాలి.

చూడటమంటే ఆవిడ చూడటం వేరు. బూట్లు, మేజోళ్ళు విప్పించేది. నడినెత్తిన ముడి వేసుకొచ్చిన ఆడపిల్లల జుట్టు తనే విప్పేది. మడమలు, పిరుదులు, భుజాలు, తల వెనకభాగం గోడకి తగలాలి. చూపు తిన్నగా ఎదురుగా ఉండాలి. అప్పుడు కొలబద్ద మీద జారే చెక్కని నెత్తి మీదకి దించి, తను వంగి అంకె చూసి, మళ్ళీ చెక్క ఎత్తి రెండోసారి దించేది. రెండు అంకెలూ కలవకపోతే మూడోసారి. బరువు చూసే యంత్రాన్ని ప్రతి పది మందికోసారి సున్నాకి తెచ్చేది. ఆ తర్వాత నోరు తెరిపించి ఎన్ని పాలపళ్ళు ఊడాయో, ఎన్ని కొత్తవి వచ్చాయో లెక్కపెట్టేది. చిన్నవాళ్ళని ఒంటికాలి మీద గెంతించేది, త్రికోణం గీయించేది. పెద్దవాళ్ళని గడియారం చూసి టైము చెప్పమనేది. "నీ స్నేహితురాలి పెన్ను పారేశావనుకో, ఏం చేస్తావ్?" అని అడిగి, జవాబు వచ్చేదాకా కళ్ళలోకి చూస్తూ కూర్చునేది. సగం మంది పిల్లలకి ఆ చూపుకే ఏడుపొచ్చేది.

"పిల్లల ఒళ్ళు అబద్ధం చెప్పదు. అబద్ధాలు చెప్పేది మీరే," అనేది టీచర్లతో. ఏడాదికి అయిదారు సెంటీమీటర్ల ఎత్తు, రెండుమూడు కిలోల బరువు. ఆ వయసు పిల్లలు సుమారుగా అలా పెరుగుతారు. ఎవరు అలా పెరగట్లేదో పట్టుకోవడమే ఆవిడ పని. ఆ పని మీద ఆవిడకి ఉన్న పొగరు అంతా ఇంతా కాదు.

ఆ పొగరుకి ఎక్కువగా బలైంది ఈ బడి డ్రిల్లు మాస్టారు. నర్సు సెలవులో ఉంటే ఎత్తులు చూసే బాధ్యత ఆయనది. మూడేళ్ళ కిందట ఆయన ఒక్క పిల్లనీ గోడ దగ్గరికి పిలవకుండా, కుర్చీలో కూర్చుని పాత కార్డులు ముందేసుకుని, ప్రతి ఎత్తుకీ అయిదు కలిపి, ప్రతి బరువుకీ రెండు కలిపి పని ముగించాడు. పిల్లలంతా ముచ్చటగా పెరిగారు. చిక్కేమిటంటే, అంతకు ముందు వేసవిలోనే బడి మానేసి వెళ్ళిపోయిన ఇద్దరు కూడా అయిదేసి సెంటీమీటర్లు పెరిగారు. గోడమ్మ ఊరుకుంటుందా? పై ఆఫీసుకి రాసింది. మాస్టారికి మెమో వచ్చింది. ఆనాటి నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. "అయిదు కలిపారా మాస్టారూ?" అన్నది ఆవిడ వరండాలో ఆయన్ని పలకరించే పద్ధతి. ఆయన పళ్ళు నూరుతూ పక్కకి తప్పుకునేవాడు.

ఆ ఏడాది అయిదో తరగతి వంతు వచ్చింది. వరసలో చివర ఒక పిల్ల నిలబడి ఉంది. ఉక్కపోతకి అందరూ కాగితాలతో విసురుకుంటుంటే ఆ పిల్ల స్వెట్టరు వేసుకుని ఉంది. పిల్లలు దాన్ని నత్త అని పిలుస్తారు. క్లాసు టీచరు దానికి ఇంకో పేరు పెట్టింది, నిద్రమొహం అని.

"రా. గోడకి ఆనుకో."

పిల్ల వచ్చింది. వచ్చేసరికి ఇంకొకరైతే వెళ్ళి తిరిగి కూడా వచ్చేవారు. మొహం కాస్త ఉబ్బినట్టుంది. చేతి మీద చర్మం పొడిబారి పొట్టు రేగుతోంది. నోరు తెరిపిస్తే పదేళ్ళొచ్చినా ముందు పళ్ళ పక్కన పాలపళ్ళు కదలకుండా కూర్చున్నాయి.

"చలేస్తోందా?"

కాసేపటికి, "ఊఁ," అంది బొంగురు గొంతుతో.

చెక్క దించింది. నూట పద్దెనిమిది పాయింట్ ఒకటి. ఎత్తి మళ్ళీ దించింది. అదే. మూడోసారీ అదే. కార్డు తీసి చూసింది. మూడో తరగతిలో నూట పదిహేడు పాయింట్ నాలుగు. నాలుగో తరగతిలో నూట ఇరవై రెండు పాయింట్ నాలుగు.

పిల్లలు పెరగకపోతే పెరగకపోవచ్చు, తగ్గరు. గోడమ్మకి ఆ రెండు అంకెల మధ్య కచ్చితంగా అయిదు కనిపించింది. అది కనిపించాక ఇంకేం కనిపించలేదు. కార్డు పట్టుకుని నేరుగా టీచర్ల గదికి నడిచింది. టీ వేళ. బడిని నడిపే పెద్ద మేడమ్ సహా అందరూ ఉన్నారు. డ్రిల్లు మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని విజిల్ తాడు ముడి విప్పుకుంటున్నాడు.

"బుద్ధి రాదా మీకు?" కార్డు ఆయన ముందు బల్ల మీద కొట్టింది. "ఒకసారి మెమో తిన్నా సిగ్గు లేదా? ఈ పిల్ల రెండేళ్ళుగా అంగుళం కూడా పెరగలేదు. జబ్బు పిల్ల! మీ దిక్కుమాలిన అయిదు కలపడం వల్ల ఏడాదిపాటు ఎవరికీ తెలీలేదు. మీ పిల్లైతే ఇలాగే కలుపుతారా?"

మాస్టారు కార్డు తీసుకున్నాడు. తీరిగ్గా చూశాడు. చూస్తున్నకొద్దీ ఆయన మొహం వెలిగిపోయింది. అంత సంతోషం ఆ మొహంలో మూడేళ్ళుగా ఎవరూ చూడలేదు.

"మేడమ్, కాస్త ఈ సంతకం ఎవరిదో చదివి పెడతారా? నాకు కళ్ళద్దాలు లేవు," అన్నాడు.

సంతకం గోడమ్మదే.

తల తీసేసినట్టయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు నవ్వలేదు. కార్డుని రెండు చేతులతో మర్యాదగా ఆవిడకి అందించాడు. "అయిదు కలిపారా మేడమ్?" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. అసలు మరిచిపోయిందని చెప్పలేం. గుర్తు చేసుకోవలసిన అవసరం రాకుండా చూసుకుంది, అంతే.

కిందటేడు ఆవిడకి ఇచ్చిన గదిని పెద్ద మేడమ్ పరీక్ష కాగితాలకి తీసేసుకుంది. గోడమ్మని వరండాలో కొలుచుకోమన్నారు. వాన జల్లు లోపలికి కొడుతోంది. నేల ఎగుడుదిగుడు, యంత్రం నిలవదు. ఆవిడ అరిచింది. పెద్ద మేడమ్ తలుపు వేసుకుంది. నాలుగు రోజులు అలాగే గొణుక్కుంటూ, జల్లుకి తడుస్తూ పని చేసింది. చివరి రోజు నాలుగో తరగతి ఒక్కటీ మిగిలింది. మధ్యాహ్నం మూడింటికి క్లర్కు వచ్చి, "మేడమ్, నాలుగింటికల్లా కొలతల పట్టీ పై ఆఫీసుకి పోవాలంట. అంకెలు త్వరగా ఇమ్మంటున్నారు," అన్నాడు.

"అంకెలు కావాలా? అంకెలేగా మీకు కావాల్సింది? ఉండు, ఇస్తా!"

వరండాలో కుర్చీ లాక్కుని నలభై ఒక్క కార్డులు ఒళ్ళో పెట్టుకుని ఇరవై నిమిషాల్లో నింపేసింది. ఎత్తుకి అయిదు, బరువుకి రెండు. పెద్ద మేడమ్ మీద కసి అది. వాళ్ళకి తగిన శాస్తి చేశాననుకుంది. సోమవారం వచ్చి అసలు కొలతలు చూసి దిద్దుదామనుకుంది కూడా. సోమవారం ఇంకో బడిలో టీకాలు. ఆ పై సోమవారం ఇంకేదో. తర్వాత ఆ నాలుగో తరగతి అయిదో తరగతి అయిపోయింది.

ఇప్పుడు నిజమైన అంకెల్ని పక్కపక్కన పెట్టుకుంటే రెండేళ్ళలో ఆ పిల్ల పెరిగింది ముప్పావు సెంటీమీటరు కూడా లేదు. వార్డులో ఇలాంటి పిల్లల్ని ఆవిడ చూసింది. ఉబ్బిన మొహం, పొడి చర్మం, చలి, మందకొడితనం. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి పని మానేస్తే ఇలాగే ఉంటారు. రోజుకో మాత్ర వేస్తే కోలుకుంటారు. ఎంత ముందు పట్టుకుంటే అంత మంచిది, ఎందుకంటే ఎముకలు పెరిగే కాలం ఎవరి కోసమూ ఆగదు. కిందటేడు గోడకి ఆనించి ఉంటే కిందటేడే దొరికేది.

మర్నాడు పిల్ల తల్లిని పిలిపించింది. ఆమె బడికి రెండు వీధుల అవతల కుట్టు మిషను పెట్టుకుని, సగం బడికి యూనిఫారాలు కుట్టే మనిషి. మెడలో టేపు తియ్యకుండానే వచ్చింది. పని మధ్యలో పిలిచారన్న చిరాకు మొహంలోనే ఉంది.

"మీ అమ్మాయి పెరగట్లేదమ్మా. ఆసుపత్రిలో చూపించాలి."

"మా వైపు అందరం పొట్టే. మా అమ్మ పొట్టి, నేను పొట్టి. దానికి కూడా జబ్బేనా?"

"పొట్టిగా ఉండటం వేరు, పెరగడం ఆగిపోవడం వేరు. పొట్టివాళ్ళు కూడా ఏటా పెరుగుతారు."

"నాకు కొలతలు నేర్పకు నర్సమ్మా. రోజుకి ఇరవై మందికి టేపు పెడతా నేను. క్లాసులో దాన్ని నత్త అంటారు, నిద్రమొహం అంటారు. ఇప్పుడు నువ్వొకదానివి తయారయ్యావు జబ్బుపిల్ల అనడానికి."

గోడమ్మకి ఒళ్ళు మండింది. మెత్తగా చెప్పడం ఆవిడకి చేతనైతే ఇంకా పెద్దాసుపత్రిలోనే ఉండేది. "అందరికీ టేపు పెడతావే, నీ పిల్లకి పెట్టి ఎన్నాళ్ళైంది? ఆ గౌను అంచు ఎప్పుడు విప్పావు?"

తల్లి చెయ్యి మెడలో టేపు మీదకి పోయింది. ఎవరి పిల్లల గౌన్లకైనా అంచులో నాలుగు వేళ్ళ మడత దాచి కుడుతుంది ఆమె. ఏడాది తిరిగేసరికి తల్లులు వచ్చి విప్పించుకుపోతారు. తన కూతురి గౌను అంచు విప్పలేదు. రెండేళ్ళుగా అవే గౌన్లు, అవే చెప్పులు. పిల్ల పొందిగ్గా వాడుకుంటుందని ఇరుగుపొరుగు దగ్గర గొప్పగా చెప్పుకుంది కూడా.

ఆమె కళ్ళలో భయం కనిపించింది. మరుక్షణమే దాని మీద కోపం కమ్మేసింది. "అయితే ఈ బడిలో ఏటా మీరు చూసి చచ్చిందేంటి? కిందటేడు కార్డు మీద అంతా బాగుందని నువ్వే కదా రాసి పంపావు?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదని గోడమ్మకి తెలుసు. అయినా చెప్పలేదు. "ముందు డాక్టరుకి చూపించు," అని కార్డు, ఉత్తరం చేతిలో పెట్టి పంపేసింది. ఉత్తరంలో ఈ ఏడాది ఎత్తు, చూసిన లక్షణాలు అన్నీ రాసింది. కిందటేటి అంకె తప్పు అన్న ఒక్క ముక్క రాయలేదు. డాక్టరు పిల్ల మొహం చూస్తే చాలు, అర్థమవుతుంది అనుకుంది. పిరికితనం ఎప్పుడూ ఇలాంటి మంచి కారణమే వెతుక్కుంటుంది.

నాలుగో రోజు తల్లి తుఫానులా వచ్చి పడింది. చేతిలో ఆసుపత్రి చీటీ, బడి కార్డు. "నీకే కొలవడం రాదంట! కిందటేడు నూట ఇరవై రెండున్న పిల్ల ఈ ఏడాది నూట పద్దెనిమిది ఎలా అవుతుందని నవ్వాడు డాక్టరు. ఈసారి కొలతే తప్పంట. ఆరు నెలలాగి సరిగ్గా కొలిచి తీసుకురమ్మన్నాడు. ఒక రోజు పని మానుకుని, దాన్ని లైన్లో నిలబెట్టి, నవ్వించుకుని వచ్చాను. చాలా? కడుపు నిండిందా?"

చీటీనీ కార్డునీ బల్ల మీద విసిరేసి వెళ్ళిపోయింది. పక్కన కూర్చున్న పెద్ద మేడమ్ చీటీ చదివి, తలుపు దగ్గరికి వేసి వచ్చి, మొదటిసారిగా గోడమ్మతో మెత్తగా మాట్లాడింది.

"నర్సమ్మగారూ, ఇందులో ఇంత ఇదవడానికి ఏముంది? నూట ఇరవై రెండుని నూట పదిహేడు చేసెయ్యండి. రాసేటప్పుడు పొరపాటు పడ్డానని పక్కన చిన్న సంతకం పెట్టండి. డాక్టరు నమ్ముతాడు, పిల్లకి వైద్యం జరుగుతుంది, మీ ఉద్యోగం ఉంటుంది, నా బడి పేరు ఉంటుంది. ఇంకెవరికి నష్టం?"

ఎవరికీ నష్టం లేదు. గోడమ్మకి పెన్ను అందుకోవాలనే అనిపించింది. ముందరి అబద్ధం కసితో చెప్పింది, ఇది మంచికోసం చెప్పవచ్చు. కానీ చేతిలోకి కార్డు తీసుకున్నాక, కిందటేడు ఆ పిల్ల ఎత్తెంతో తనకి తెలియదని తెలిసొచ్చింది. నూట పదిహేడున్నరో, పద్దెనిమిదో. అసలు ఎప్పుడు ఆగిపోయిందో. అది ఇప్పుడు ఎవరికీ తెలియదు, ఇంకెప్పటికీ తెలియదు. పైగా ఇంకా నలభై కార్డులున్నాయి.

"ఆలోచించుకుని చెప్తాను," అని కార్డులన్నీ సంచిలో వేసుకుని ఇంటికి పోయింది.

ఇంట్లో ఆవిడకి మిగిలింది అత్తగారు ఒక్కరే. మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. ఇద్దరూ పొద్దున్న లేస్తే పోట్లాడుకుంటారు, సాయంత్రం పోట్లాడుకుంటూ భోంచేస్తారు. ఆ ఇంట్లో అదే మాట్లాడుకోవడం. ఆ సాయంత్రం కోడలు ఏమీ అరవకపోయేసరికి ముసలావిడకి కంగారు పుట్టింది. అడగ్గా అడగ్గా జరిగింది చెప్పింది.

అత్తగారు కంచం పక్కకి జరిపింది. "నా బీపీ మాత్ర ఒక పూట మరిచిపోతే ఇల్లు పీకి పందిరేస్తావు కదే నువ్వు. 'మీ ప్రాణం మీకు లెక్కలేదా' అని వీధి చివరిదాకా వినబడేలా అరుస్తావు. ఆ పిల్ల ఎవరి మీద అరవాలి?"

"అందుకే కదా అత్తయ్యా, ఏం చెయ్యాలో తోచట్లేదు."

"తోచకేం? తోచింది కాబట్టే తిండి దిగట్లేదు. నోరు ఊళ్ళోవాళ్ళ మీదే లేస్తుంది నీకు. నీ మీద నువ్వు ఒకసారి లేపి చూడు."

కోడలు ముసలావిడ వంక కొరకొరా చూసింది. తర్వాత కంచాలు తీసేసి, బల్ల తుడిచి, కార్డులు పరిచి, ఎర్ర పెన్ను తీసింది. నలభై ఒక్క కార్డుల్లో కిందటేటి ఎత్తునీ బరువునీ కొట్టేసి, ప్రతి దాని మీదా ఒకే మాట రాసింది: కొలవలేదు. కింద సంతకం, తేదీ. ఆ మాట రాయడానికి ఒక్కో కార్డుకి అర నిమిషం కూడా పట్టలేదు. ఇరవయ్యో కార్డుకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ పిల్లల మొహాలు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఎంత మందిని గోడకి ఆనించి అబద్ధాల గురించి ఉపన్యాసాలిచ్చిందో అదీ గుర్తొస్తోంది.

మర్నాడు కుట్టు మిషను దగ్గరికి తనే వెళ్ళింది. ఆ ఇంట్లో ముందు గదే దుకాణం. గుమ్మం పక్కన విప్పాల్సిన గౌన్లు ఒక కుప్ప, బిగించాల్సినవి ఒక కుప్ప. నత్త స్వెట్టరు వేసుకుని మూలన పీట మీద కూర్చుని గుండీలు ఏరుతోంది. తల్లి తలెత్తి చూసి మిషను తొక్కడం ఆపలేదు.

"కిందటేడు మీ అమ్మాయిని నేను కొలవలేదు," అంది గోడమ్మ. "కొలిచినట్టు రాశాను. డాక్టరు నవ్వింది నా దొంగ అంకె చూసి. ఇప్పుడు నాతో రండి, ఆయనకి నేనే చెప్తాను."

మిషను ఆగింది. తల్లి లేచి కూతురి చెప్పులు తెచ్చి దాని ముందు వేసింది. "పదవే," అంది కూతురితో. దారి పొడుగునా గోడమ్మ పక్కన నడవలేదు, రోడ్డుకి అవతలి వైపు నడిచింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఎర్ర సిరా చూసి కనుబొమలు ఎత్తాడు. గోడమ్మ చెప్పాల్సింది చెప్పింది. ఆయన నవ్వలేదు. పిల్ల మెడ తడిమి చూశాడు, రక్తానికి, చేతి ఎక్స్‌రేకి రాశాడు. వారంలో జవాబులొచ్చాయి. గ్రంథి దాదాపు పని మానేసింది. పదేళ్ళ పిల్ల చేతి ఎముకలు ఏడేళ్ళ పిల్లవాటిలా ఉన్నాయి.

"మాత్రలతో పెరుగుదల మళ్ళీ మొదలవుతుంది. చురుకుదనం కూడా వస్తుంది," అన్నాడు డాక్టరు. "పోయిన ఎత్తంతా తిరిగొస్తుందని మాత్రం మాట ఇవ్వలేను."

"కిందటేడే తెలిసుంటే?" అంది తల్లి.

డాక్టరు కాగితాలు సర్దుకున్నాడు. జవాబు చెప్పాల్సింది ఆయన కాదు.

"ఏడాది ముందు మందు మొదలయ్యేది," అంది గోడమ్మ.

బయట మెట్ల మీద తల్లి ఆగింది. అరుస్తుందేమో, కొడుతుందేమో అని గోడమ్మ ఎదురుచూసింది. ఏదో ఒకటి చేస్తే బాగుండుననుకుంది కూడా.

"ఏడాదంతా దాన్ని బద్ధకం బద్ధకం అని తిట్టాను," అంది తల్లి. "రెండుసార్లు కొట్టాను. నువ్వు ఆ కార్డు మీద బాగుందని రాశావు కాబట్టి కొట్టాను. జబ్బని తెలిస్తే కొట్టేదాన్నా? ఇంక నా పిల్ల మీద చెయ్యి వెయ్యకు."

గోడమ్మ తలదించుకుంది. ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది.

మిగిలిన నలభై మందినీ మళ్ళీ కొలిచింది. వాళ్ళంతా బాగానే ఉన్నారు. ఆ సంగతి ఆవిడకి ఊరటనివ్వలేదు. వాళ్ళు బాగుండటంలో తన ప్రమేయమేం లేదు మరి. పై ఆఫీసు నుంచి విచారణ వచ్చింది, మెమో వచ్చింది. మందలింపుతో పాటు ఒక హుకుం కూడా ఉంది: ఇకపై ఈ బడిలో నర్సు తీసే ప్రతి కొలతకీ డ్రిల్లు మాస్టారు పక్కనుండి సాక్షి సంతకం పెట్టాలి. ఆ హుకుం రాసినవాళ్ళకి హాస్యం తెలియదనుకోవడానికి వీల్లేదు. పెద్ద మేడమ్ ఆవిడ వస్తే కుర్చీ చూపించడం మానేసింది. మాస్టారు మాత్రం విజిల్ మెడలో వేసుకుని టంచనుగా వచ్చేవాడు. "రెండోసారి దించారా మేడమ్? నేను చూడలేదు, ఇంకోసారి దించండి," అనేవాడు. ఆవిడ నోరెత్తకుండా మళ్ళీ దించేది. నాలిక చివరిదాకా వచ్చిన మాటల్ని మింగడం ఆవిడ యాభై రెండేళ్ళ వయసులో కొత్తగా నేర్చుకున్న విద్య.

మందు మొదలైన ఆరు నెలలకి పిల్ల ఎత్తు చూసి పంపమని డాక్టరు బడికి రాశాడు. చెప్పిన రోజున తల్లి కూడా వచ్చింది. ఈసారి టేపు ఇంట్లో పెట్టి వచ్చింది. ఆమె వెనకాల వచ్చిన పిల్లని గోడమ్మ మొదట పోల్చుకోలేదు. స్వెట్టరు లేదు. మొహంలో ఉబ్బు దిగిపోయి కళ్ళు విప్పారి కనిపిస్తున్నాయి. ముందు పళ్ళ పక్కన ఒకటి ఊడి సందు కనిపిస్తోంది.

గోడమ్మ అలవాటు కొద్దీ చెయ్యి చాచింది. "రా. గోడకి..."

"మీరు ముట్టుకోవద్దు," అంది పిల్ల వెంటనే. గొంతులో బొంగురు లేదు. "మా అమ్మ కొలుస్తుంది. మీరు కొలవకుండానే రాస్తారంట. దూరంగా నిలబడండి."

సాక్షిగా నిలబడ్డ మాస్టారు సీలింగు వైపు చూశాడు. గోడమ్మకి మొహం మాడిపోయింది. ఆ మాడిన మొహంతోనే, ఈ పిల్ల నోట్లోంచి ఒక్క గుక్కలో అన్ని మాటలు వినడం ఇదే మొదటిసారని కూడా తట్టింది. రెండడుగులు వెనక్కి వేసింది.

తల్లి కూతుర్ని గోడకి నిలబెట్టి చెక్క దించబోయింది.

"మడమ లేస్తోంది," అంది గోడమ్మ దూరం నుంచే.

"నాకు కనబడుతోంది," అంది తల్లి. అయినా వంగి మడమ సర్దింది. చెక్క దించి అంకె చూసింది. ఎత్తి మళ్ళీ దించింది. మూడోసారి కూడా దించింది. నూట ఇరవై ఒకటి పాయింట్ తొమ్మిది.

మూడు సెంటీమీటర్ల మీద ముప్పావు. ఆరు నెలల్లో. గోడమ్మ మనసులో లెక్క వేసేలోపే తల్లి వేసేసింది. చెక్కని పట్టుకున్న చెయ్యి దించకుండా అలాగే నిలబడి, కూతురికి వినబడకుండా గొంతు తగ్గించి, "ఇవి కిందటేడే రావాల్సినవి," అంది.

గోడమ్మ ఎవరేమన్నా ఒకటికి నాలుగు తిరిగి ఇచ్చిన మనిషి. గది ఇవ్వని పెద్ద మేడమ్‌నీ, వాననీ, ఎగుడుదిగుడు నేలనీ, నాలుగింటి గడువునీ ఒక్కొక్కటిగా ముందుకు తోయగలిగేది. ఆవిడ అవేమీ ఎత్తలేదు.

"అవునమ్మా," అంది.

తల్లి కూతురి చేతికి బూట్లు అందించింది. పిల్ల అవి తొడుక్కుని, ఎవరికీ చెప్పకుండా, తల్లి కంటే ముందు పరుగెత్తుకుంటూ బయటికి పోయింది.